బామ్మర్దికి బ్లూ-రే

టెల్కో కాలనీ, జంషెడ్‌పూర్
13 జనవరి 2008, ఆదివారం

ఒరేయ్ జాకీ,

మీరు ముగ్గురూ క్షేమంగా సింగపూర్ చేరారని యూనిస్ ఫోన్ చేసి చెప్పింది. మరియమ్మ తల్లి దయవల్ల ఇక్కడ మేమూ బాగానే ఉన్నాం. చలి ఇంకా వదల్లేదు. పొద్దున షిఫ్టు బస్సు మంచులో లైట్లేసుకుని వస్తోంది. మీ వదిన నాకు రెండు స్వెట్టర్లు తొడిగి పంపిస్తోంది, ఫ్యాక్టరీలో పెయింట్ షాపు లోపలికి వెళ్ళగానే రెండూ విప్పేస్తున్నాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని మీ ఆవిడ యూనిస్ నవ్వుతుందని తెలుసు. ఆమెకి చెప్పు, మా ఫోన్ హాల్లో ఉంది. నేను నీతో మనసులో మాట ఏదైనా చెప్పబోతే మీ వదిన త్రేసమ్మ టీవీ సౌండు తగ్గించి మరీ వింటుంది. పైగా ఇరవై నాలుగేళ్ళు కంప్రెసర్ల పక్కన అరిచిన గొంతు నాది. నేను హలో అంటే మూడో అంతస్తువాళ్ళు పలుకుతారు. ఉత్తరమైతే నీకూ నాకూ మధ్యనే ఉంటుంది.

క్రిస్మస్‌కి నువ్వు తెచ్చిన సినిమా డిస్కుల మెషిన్‌ని టీవీ మీద పెట్టాం. వదిన దానికి క్రోషియా గుడ్డ కప్పింది. వేడెక్కిపోతుందని నేను తీస్తాను, దుమ్ము పడుతుందని ఆమె కప్పుతుంది. బ్లాకులో వాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు. మా తమ్ముడు తెచ్చాడు, మామూలు డీవీడీ తర్వాత వచ్చిన కొత్త రకం అని అందరికీ చెప్పాను. చెప్పడం బాగానే ఉంది.

పోయిన ఆదివారం పూజ అయ్యాక చర్చి బయట మీ బామ్మర్ది బంగార్రాజు పట్టుకున్నాడు. చేతిలో కారు తాళాలు తిప్పుతూ నిలబడ్డాడు. “ఏటి పెద్దబావా, మీ మిషిన్ ఎలాగాడతంది? బావ నాకూ ఒకటి తెచ్చాడు గదా, మాది బ్లూ-రే. మీది హెచ్‌డీ డీవీడీ అంట. మా డిస్కు మీ దాంట్లో ఆడదు, మీది మా దాంట్లో ఆడదు. రెండు కంపెనీల గుంపులు కొట్టుకుంటన్నాయంట. ఎవులు నెగ్గుతారో సూద్దాం!” అన్నాడు.

అతనికి కూడా తెచ్చావని నాకు అప్పటిదాకా తెలియదు. నవ్వి, “నెగ్గేదే మా తమ్ముడు నాకిచ్చుంటాడులే” అన్నాను. కానీ ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. పది రోజులు మా ఇంట్లోనే ఉన్నావు, ఆ రెండో పెట్టె కద్మాలో వాళ్ళింటికి ఎప్పుడు చేరింది? రెండింట్లో ఏది గొప్పది? ఏది ఎవరికి అని ఎలా అనుకున్నావు? ఊరికే అడుగుతున్నాను. కుళ్ళు అనుకోకు.

ఆశీస్సులతో,
నీ అన్న జోజి


సింగపూర్
27 జనవరి 2008

అన్నయ్యా,

నీ ఉత్తరం నిన్న అందింది. రెండుసార్లు చదివాను. స్వెట్టర్ల సంగతి చదివి యూనిస్ కూడా నవ్వింది.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఓడలు బాగుచేసే డ్రై డాక్‌లోకి ఒక పాత ఆయిల్ ఓడ వచ్చింది. దాని వైరింగంతా ఎలుకలు కొరికేశాయి. రోజుకి పద్నాలుగు గంటలు దాని పొట్టలో కూర్చుని వైర్లు లాగుతున్నాం. ఇక్కడ చలి అనే మాటే లేదు. పొద్దున్న మంచులో వచ్చే షిఫ్టు బస్సు గురించి రాశావు చూడు, ఆ ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రెండో గేటు దగ్గర బఠాణీల ఘుగ్నీ అమ్మే ముసలాయన ఇంకా వస్తున్నాడా? ఈసారి వచ్చినప్పుడు అడగడం మర్చిపోయాను.

మెషిన్ల గురించి అంత ఆలోచించకు. రెండూ ఒకలాంటివే. నీ పాత టీవీలో ఏ డిస్కు వేసినా బొమ్మ ఒకేలా కనిపిస్తుంది. పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు సరిగ్గా పెట్టావో లేదో ఒకసారి బంగార్రాజుని పిలిచి చూపించు. అతనికి ఇలాంటివి బాగా తెలుసు.

వదినకి, సౌజన్యకి మా ప్రేమ. సౌజన్యని తెలుగులో జవాబు చెప్పమను, ఫోన్లో నేను తెలుగులో అడిగితే అది హిందీలో పలుకుతోంది.

నీ తమ్ముడు
జాకీ


టెల్కో కాలనీ
10 ఫిబ్రవరి 2008

జాకీ,

నా టీవీ పాతదే. ఆ పాత టీవీ ముందు కూర్చునే నువ్వు ఇరవై ఏళ్ళు సెలవులకొచ్చి క్రికెట్ చూశావు. అప్పుడు బొమ్మ బాగానే కనిపించింది.

నువ్వు రాశావు కాబట్టి బంగార్రాజుని పిలిచాను. నాకు ఇష్టం లేకపోయినా పిలిచాను. కారులో వచ్చాడు, చెప్పులు విప్పకుండా హాల్లోకి నడిచాడు, టీవీ వెనక్కి వంగి చూసి, “పెద్దబావా, ఈ డబ్బాకి ఆ మిషిన్ ఎందుకు? గోడకి ఏలాడదీసేది కొనీవోయ్” అన్నాడు. వైర్లు నేను పెట్టినట్టే ఉన్నాయి, అతను ముట్టుకోలేదు కూడా. వదిన పెట్టిన టీ సగం తాగి వెళ్ళిపోయాడు. మరి ఇందుకా పిలవమన్నావు?

ఇంకో సంగతి. మా షిఫ్టు బస్సులో టూల్ రూమ్ శ్యామ్ అని ఒకడు ఇంగ్లిష్ పేపర్ తెస్తాడు. పోయిన నెల్లోనే పెద్ద సినిమా కంపెనీ ఒకటి మన గుంపు వదిలేసి బ్లూ-రే వైపు వెళ్ళిపోయిందట. “జోజీ దా, ఆప్‌కా టీమ్ కమ్‌జోర్ హో రహా హై” అన్నాడు, అన్నా, మీ జట్టు బలహీనపడుతోందని. నేను ఏ జట్టులోనూ చేరలేదు, మా తమ్ముడు చేర్చాడు అన్నాను. అందరూ నవ్వారు.

విభూది బుధవారం నుంచి ఉపవాస కాలమని నేను మాంసం మానేశాను. కోపం కూడా మానేద్దామనుకున్నాను. మాంసం మానడం తేలిక.

మేలో వస్తున్నారు కదా. ముందు గదికి రంగు వేయిస్తున్నాను, పాపకి నచ్చేలా లేత ఆకుపచ్చ. నాన్న రిటైరైనప్పుడు పెద్దకొడుకునని కంపెనీలో తన బదులు ఉద్యోగానికి నా పేరు రాయించాడు, ఆ పుణ్యమే ఈ క్వార్టర్. ఇంకో ఆరేళ్ళు ఉంటుంది. ఉన్నన్నాళ్ళూ నువ్వు దిగాల్సింది ఇక్కడే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వేరేచోట దిగలేదు నువ్వు. ఆ గొప్ప నాకుంది, బంగార్రాజుకి లేదు.

నీ అన్న
జోజి


సింగపూర్
17 ఫిబ్రవరి 2008

అన్నయ్యా,

హడావిడిగా రాస్తున్నాను. నీ దగ్గర నుంచి కొత్త ఉత్తరం ఇంకా రాలేదు.

మే టికెట్లు దొరికాయి. ఈసారి మేము కద్మాలో దిగుతాం. మే పదో తేదీన బంగార్రాజు కొత్త ఇంటికి దీవెన పెట్టుకున్నాడు. ఆడపడుచు ముందు నుంచీ ఉండాలని యూనిస్ ముచ్చట. పైగా మే ఎండలకి పాపకి ఒళ్ళంతా పేలుతుంది, అక్కడ ఏసీ ఉంది. నేను రోజూ నీ దగ్గరికి వస్తాను. నువ్వు ఏమీ అనుకోవని తెలుసు.

నాన్న వర్ధంతి పూజ మార్చి రెండున కదా. ఎప్పటిలాగే ఫాదర్ ఆఫీసులో పూజల పుస్తకంలో ముందుగా మనిద్దరి పేర్లూ రాయించు. అక్కడ ఏడున్నర పూజలో ఫాదర్ ‘కీర్తిశేషులు రాయప్ప గారి ఆత్మశాంతికై, కుమారులు జోజి, జాకీ’ అని చదివేటప్పటికి ఇక్కడ పది దాటుతుంది. ఏ పనిలో ఉన్నా ఆ సమయానికి ఆగి సిలువ గుర్తు వేసుకుంటాను. ప్రతి ఏడూ అంతే. మన చర్చిలో నా పేరు వినిపించేది ఆ ఒక్కరోజే.

నీ తమ్ముడు
జాకీ


టెల్కో కాలనీ
28 ఫిబ్రవరి 2008

జాకీ,

నేను ఏమీ అనుకోనని రాశావు. అనుకున్నాను. చాలా అనుకున్నాను.

వరసగా చెప్తాను విను. ఇరవయ్యో తేదీ పొద్దున్న బస్సెక్కగానే శ్యామ్ వెనక సీటు నుంచి పేపరు ఊపుతూ, “జోజీ దా, ఆప్‌వాలా తో గయా!” అని కేకేశాడు, మీది పోయిందని. హెచ్‌డీ డీవీడీ మెషిన్లు తయారుచేసే పెద్ద కంపెనీ చేతులెత్తేసిందట. ఇక చెయ్యరు. డిస్కులు కూడా రావు. బ్లూ-రే గెలిచింది. బస్సంతా నావైపు చూసింది, ఇంట్లో ఎవరో పోయినట్టు ఒకడు నా భుజం తట్టాడు. సాయంత్రం ఇంటికొస్తే సౌజన్య, “పాపా, ఆప్ హార్ గయే” అంది. ఓడిపోయావు అని కన్నకూతురు హిందీలో అంటే ఇంకా మండుతుందని నాకు ఆరోజే తెలిసింది.

ఆ ఆదివారం చర్చి కమిటీ కూర్చుంది. మట్టల ఆదివారం సాయంత్రం ప్రభువు శ్రమల సినిమా వేస్తారు కదా, పదకొండేళ్ళుగా దానికి నా టీవీయే ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్తున్నాను. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను, గతుకులకి ఏమవుతుందోనని. ఈసారి బంగార్రాజు లేచి, “మన పెద్ద టీవీ, బ్లూ-రే ఉంది గదా, పెద్దబావకి ఈ వయసులో ఆ బరువెందుకు” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకపోతే బాగుండదని కొట్టాను.

నిన్న నీ ఉత్తరం వచ్చింది, కద్మాలో దిగుతామని. అప్పటికి ముందు గదికి రెండో కోటు కూడా వేయించాను. ఆకుపచ్చ రంగు వాసన ఇంకా పోలేదు. నీ ఉత్తరం ఆ గదిలోనే నిలబడి చదివాను.

నేను చదువుకున్నవాణ్ణి కాకపోవచ్చు, కానీ ఇది అర్థమవుతుంది. నువ్వు ఎలక్ట్రీషియన్‌వి. ఏది గెలుస్తుందో ఏది పోతుందో నీకు తెలియదా? తెలిసే గెలిచేది బామ్మర్దికి ఇచ్చావు, పోయేది అన్నకి ఇచ్చావు. అన్న ఏదిచ్చినా క్రోషియా గుడ్డ కప్పి పూజించుకుంటాడు. బామ్మర్దికి కారుంది, గోడ టీవీ ఉంది, ఏసీ ఉంది, ఇప్పుడు నువ్వూ ఉన్నావు. శనివారం శనివారం అతనికి నువ్వు ఫోన్ చేస్తావట. చర్చి బయట అందరి ముందూ చెప్తాడు, నిన్న బావ ఇలా అన్నాడు, అలా అన్నాడు అని. నీ సంగతులు నేను అతని నోట వినాలి. నాకు కడుపు మండుతోంది. దాచుకోవడం నాకు చేతకాదు.

మెషిన్ మంచం కింద పెట్టేశాను. నాన్న పూజ నేను చూసుకుంటాను. ఇవాళే వెళ్ళి పుస్తకంలో రాసి వచ్చాను. నీకు ఆ శ్రమ వద్దు.

జోజి


టెల్కో కాలనీ
3 మార్చి 2008

జాకీ,

నాన్న పూజ బాగా జరిగింది. చర్చి నిండిపోయింది. ఫాదర్ ప్రసంగం బాగుంది. మీ వదిన అందరికీ బూందీ పంచింది. నీకు తెలియాలని రాస్తున్నాను, ఇంతకన్నా రాయడానికేమీ లేదు.

జోజి


సింగపూర్
13 మార్చి 2008

అన్నయ్యా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. ఒకదాంట్లో కడుపు మండుతోందని రాశావు, రెండోదాంట్లో పూజ బాగా జరిగిందని రాశావు.

ఆ ఆదివారం మాకు ఓవర్‌టైమ్. పది దాటాక ఓడ అడుగున, చేతికి గ్రీజుతోనే సిలువ గుర్తు వేసుకున్నాను. నా పక్కన పనిచేసే తమిళతను ఏమైందని అడిగితే, మా ఊళ్ళో ఇప్పుడు నా పేరు చదువుతున్నారు అని చెప్పాను. సాయంత్రం బంగార్రాజు ఫోన్ చేశాడు. “బావా, పెద్దబావ నీ పేరు రాయడం మరిసిపోయాడేటి? ఫాదర్ ‘కుమారుడు జోజి’ అని ఒక్కడి పేరే సదివారు. నానూ నా పెళ్ళాం మొహమొహాలు సూసుకున్నాం” అన్నాడు. అతనికి నవ్వులాటగా లేదు, బాధపడుతూ చెప్పాడు. మర్చిపోయి ఉంటాడులే అని అతనికి సర్దిచెప్పాను. నువ్వు మర్చిపోలేదని నాకు తెలుసు.

ముందు మెషిన్ల సంగతి చెప్పి వదిలేస్తాను. బంగార్రాజు తనకి బ్లూ-రేయే కావాలని అడిగి, తన డబ్బుతో తెప్పించుకున్నాడు. ఆ పెట్టె నా సామాన్లతో రానేలేదు, యూనిస్ సామాన్లతో వచ్చింది, పుట్టింటివాళ్ళని చూడ్డానికి వెళ్ళినప్పుడు తనే తీసుకెళ్ళింది. నేను షాపులో నిలబడి ఎంచుకున్నది హెచ్‌డీ డీవీడీ. రెండు కొన్నాను, ఒకటి నీకు, ఒకటి నాకు. అన్నదమ్ములిద్దరం ఒకటే పెట్టుకుందాం, డిస్కులు అటూ ఇటూ పంపుకోవచ్చు అనుకున్నాను. నాదీ ఓడిపోయింది అన్నయ్యా. మా టీవీ పక్కన అదే ఉంది. అయినా మామూలు డీవీడీలు దాంట్లో చక్కగా ఆడతాయి. నువ్వు ఒక్కసారైనా వేసి చూశావా, లేక గుడ్డ కప్పి అందరికీ చూపించడమేనా?

ఇప్పుడు రాయబోయేది ఇరవై నాలుగేళ్ళుగా రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను.

నువ్వు ఉత్తరంలో ఎంత తేలిగ్గా రాశావు, పెద్దకొడుకునని నాన్న నీ పేరు రాయించాడని. ఆ ఫారం నింపింది నువ్వు. నాన్నకి ఇంగ్లిష్ రాదు, నువ్వు చూపించిన చోట తెలుగులో సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ నాన్న నాతో, “సిన్నోడా, నీ పేరే రాయించినాను, ఎవులితోనూ అనకు” అన్నాడు. నాకు ఇరవై ఏళ్ళు. ఐటీఐ పాసయ్యాను. ఆ రాత్రంతా కంపెనీ యూనిఫాంలో నన్ను నేను ఊహించుకున్నాను. రెండు నెలల తర్వాత పిలుపు వచ్చింది, నీ పేరుతో.

నాన్న ఆఫీసులో గుమాస్తా పొరపాటు చేశాడనుకున్నాడు. అడుగుతానని చొక్కా వేసుకుని బయల్దేరాడు. నేను గుమ్మంలో ఆపేశాను. అప్పటికి నీకు వదినతో పెళ్ళి కుదిరింది, ఉద్యోగం వచ్చిందని వాళ్ళకి కబురు కూడా వెళ్ళింది. నాన్న ఆఫీసుకి వెళితే పొరపాటు ఎవరిదో బయటపడేది. నాకు బయటే ఎక్కువ సంపాదన ఉంటుంది నాన్నా, నేనే అన్నయ్య పేరు రాయమన్నాను అని అబద్ధం చెప్పాను. నాన్న నమ్మాడు. ఆ అబద్ధం నిజమనుకునే ఆయన పోయాడు.

బంగార్రాజుని చూసి కడుపు మండుతోందని రాశావు. నిన్ను చూసి ఏడ్చినవాణ్ణి నేను. నీ షిఫ్టు బస్సు చూసి ఏడ్చాను. నీ క్వార్టర్ చూసి ఏడ్చాను. సెలవుకి వచ్చి మీ ఇంట్లో దిగిన ప్రతిసారీ, పొద్దున్నే నువ్వు టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు వైపు నడుస్తుంటే కిటికీలోంచి చూస్తూ, అది నా డబ్బా, అది నా గేటు అనుకున్నాను. అయినా మీ ఇంట్లోనే దిగాను, నువ్వు నా అన్నవి కాబట్టి. ఈ సంగతి యూనిస్‌కి కూడా తెలియదు.

నా పేరు రాయాల్సినచోట నువ్వు రాయకపోవడం ఇది రెండోసారి. మొదటిసారి ఉద్యోగం పోయింది. ఈసారి నాన్న కొడుకుల్లోంచే తీసేశావు.

మేలో మేము కద్మాలోనే దిగుతాం. ఇంటి దీవెనకి నిన్ను వాళ్ళు పిలుస్తారు. నేను పిలవను.

జాకీ


టెల్కో కాలనీ
31 మార్చి 2008, సోమవారం

జాకీ,

నీ ఉత్తరం పోయిన సోమవారం, పునరుత్థాన పండుగ మర్నాడు అందింది. వారం రోజులు చొక్కా జేబులోనే పెట్టుకు తిరిగాను. పెయింట్ షాపులో తీసి చదివాను, ఒక పేజీ మీద ఎరుపు పడింది. ట్రక్కు క్యాబిన్‌ది, కడిగినా పోదు.

నువ్వు రాసిందంతా నిజం. ఫారంలో పేరు నేనే మార్చాను. గుమాస్తా ఏ పొరపాటూ చెయ్యలేదు. నీకు తెలియదనుకునే ఇన్నాళ్ళూ బతికాను. నాన్న ఆరోజు నాతో ఏమన్నాడో నీకు తెలియదు, అదొక్కటీ చెప్తాను. కలం తీసి పేరు రాయబోతుంటే, “సిన్నోడి పేరెయ్యి. పెద్దోడివి, నువ్వు ఎలాగోలా బతికేత్తావు” అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకునే అన్నాడేమో. నాకు అలా వినబడలేదు. ఇరవై ఎనిమిదేళ్ళవాణ్ణి, కాంట్రాక్టరు దగ్గర ఇనుము మోస్తున్నాను, ఇంటికి బియ్యం నేను తెస్తున్నాను, నేను ఎలాగోలా బతకాలా? చిన్నోడు మాత్రం కుదురుగా బతకాలా? అంత కుళ్ళు వచ్చింది నాకు. అదే ఊపులో నా పేరు రాసేశాను. సంతకం ఇక్కడ పెట్టు నాన్నా అని వేలుతో చూపించాను. ఆయన వంగి, ర మీద రెండుసార్లు దిద్ది సంతకం పెట్టాడు.

చివరికి ఎలాగోలా బతికింది నువ్వు. పరాయి దేశంలో ఓడల పొట్టల్లో.

పూజల పుస్తకం దగ్గర కూడా అంతే జరిగింది. జోజి అని రాశాను, కామా పెట్టాను. నీ పేరు రాయబోతుంటే కమిటీలో చప్పట్లు గుర్తొచ్చాయి, నీ కద్మా ఉత్తరం గుర్తొచ్చింది. కామాని చుక్కగా మార్చేశాను. ఫాదర్ నా ఒక్కడి పేరు చదివినప్పుడు సంతోషంగా ఉంటుందనుకున్నాను. చెవులు ఎర్రబడ్డాయి. మీ వదిన నావైపు తిరిగి చూసి మళ్ళీ ముందుకి తిరిగిపోయింది. నీకు పూజ బాగా జరిగిందని రాసింది ఆ మర్నాడే. సిగ్గులేకుండా రాశాను.

నిన్న ఆదివారం పూజ చివర ప్రకటనలప్పుడు లేచి నిలబడ్డాను. ఫాదర్‌ని అడిగి మైకు తీసుకున్నాను. రాయప్ప గారి పూజలో నా తమ్ముడి పేరు నేను కావాలనే రాయలేదు, అది నా తప్పు అన్నాను. ఆగితే అక్కడితో సరిపోయేది. ఆగలేదు. కంపెనీలో నాన్న రాయించమన్నది కూడా నా తమ్ముడి పేరే, దాన్నీ నేనే మార్చాను అని చెప్పేశాను. మా షాపువాళ్ళు నలుగురున్నారు అక్కడ. సౌజన్య ఉంది. మైకు నా చేతిలోంచి తీసుకుంది ఎవరనుకున్నావు, బంగార్రాజు. “సాల్లే పెద్దబావా, రా, కూకో” అని చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అతని చొక్కా నుంచి సెంటు వాసన వస్తోంది. మంచివాడే అతను. మంచివాడని ఒప్పుకోవడం నాకు ఇంకా కష్టంగానే ఉంది.

ఇంటికొచ్చాక సౌజన్య నా పక్కన కూర్చుని, “బాబాయ్ మనింటికి ఇక రాడా?” అని తెలుగులో అడిగింది.

చెప్పడంవల్ల నీ ఉద్యోగం తిరిగి రాదని తెలుసు. నేను రిటైరైనా నీకు ఇచ్చేదేమీ మిగల్లేదు. నన్ను క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు, అయినా అడుగుతున్నాను.

ఇక మే సంగతి. కద్మాలో దిగినా నాకేం బాధ లేదురా, హాయిగా ఉండు, అని రాద్దామని కూర్చున్నాను. రాశాను కూడా, పైన కొట్టేసి ఉంది చూడు, వెలుతురుకి పట్టుకుంటే కనబడుతుంది. నీతో ఇక అబద్ధం రాయలేను. నాకు బాధే. నువ్వు బంగార్రాజు ఇంట్లో పడుకుంటే నాకు నిద్ర పట్టదు. ఇంత జరిగాక కూడా ఈ కుళ్ళు పోలేదు, పోతుందని కూడా అనుకోను.

మా ఇంటికే రా. రాలేకపోతే నేనే వస్తాను. పొద్దున్న మొదటి బస్సుకి కద్మా వచ్చి, వాళ్ళు తలుపు తీసేదాకా గుమ్మంలో కూర్చుంటాను. రోజూ వస్తాను. నువ్వు లేచి బయటికి వచ్చినప్పుడు మొదట కనిపించేది నేనే కావాలి, బంగార్రాజు కాదు.

నీ అన్న
జోజి